తబితమ్మ కుడి మోకాలు

నీళ్ల విషయంలో మా వాళ్లంత పట్టుదల ఉన్నవాళ్లు లోకంలో లేరని మా అధ్యక్షులు రెవరెండ్ కృపాదానం గారు ప్రతి సభలోనూ చెబుతారు. నిజమే. ఐదు వందల ఏళ్ల కిందట ఎక్కడో చలి దేశాల్లో కొందరు మనుషులు, పసితనంలో చేసిన బాప్తిస్మం చెల్లదు, బుద్ధి తెలిశాక నోటితో ఒప్పుకుని తీసుకున్నదే బాప్తిస్మం అన్నారు. ఆ మాట అన్నందుకు అక్కడి ప్రభువులు, మీకు నీళ్లంటే అంత ఇష్టమైతే ఇవిగో తీసుకోండి అని వాళ్లలో చాలామందిని నదుల్లో ముంచి చంపారు. మిగిలినవాళ్లు తలో దేశం పట్టుకు పోయారు. వాళ్ల మునిమనవలు కొందరు పాలమూరు దాకా వచ్చి మా తాతలకు సువార్త చెప్పారు. అలా మేం మెనోనైట్లమయ్యాం.

నా పేరు హనోకు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. మా చర్చిల సమాఖ్య కార్యవర్గంలో పదకొండు మంది సభ్యులుంటారు. వాళ్లు మాట్లాడతారు, నేను మినిట్స్ రాస్తాను. రాసేవాడికి ఓటు లేదు. ఉన్నా ఏం చేసేవాణ్ణో నాకు తెలుసు కనక ఆ సంగతి ఎప్పుడూ అడగలేదు.

ఐదు వందల ఏళ్ల పండుగకు జావా దీవి నుంచి మా శాఖవాళ్లే అతిథులుగా వస్తున్నారని తెలిసినప్పుడు గొడవ మొదలైంది. వాళ్లు ముందుగా ఒక కాగితం పంపారు. మీ ఊళ్లో ఏం పండుతుంది, మీరు ఏ పాటలు పాడతారు, మీ పెద్దలు ఎక్కడ బాప్తిస్మం తీసుకున్నారు, అని స్నేహంగా అడిగిన మూడు ప్రశ్నలు. మా అధ్యక్షులు మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయారు. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"సభ్యులారా, ఇది సామాన్యమైన ప్రశ్న కాదు, తనిఖీ. మన నియమావళి మూడవ అధ్యాయము సంపూర్ణ నిమజ్జనమును విధించుచున్నది. సంపూర్ణము అనగా నేమి? మన సభ్యులందరు సంపూర్ణముగా మునిగితిరనుటకు మనయొద్ద గల ఆధారమేమి? ఈ విషయమై ఒక నిర్ధారణ యంత్రాంగము తక్షణావశ్యకము" అన్నారు.

అందరూ బల్లలు చరిచారు. నిమజ్జన నిర్ధారణ ఉపసంఘం ఏర్పడింది. దానికి కన్వీనరుగా తీతుబాబు గారిని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైనవారు. ఆయన కట్టించిన కాలువల్లో నీళ్లు పారగా చూసినవాళ్లు లేరు గానీ, నీటి గురించి సాధికారంగా మాట్లాడటంలో ఆయనకు సాటి రాగలవాళ్లూ లేరు.

వారం తిరక్కుండా తీతుబాబు గారు ఫారాలు అచ్చు వేయించారు. మునిగిన చెరువు పేరు, ఆనాటి నీటిమట్టం, మునిగినవారి ఎత్తు, తలవెంట్రుకల పొడవు, స్త్రీలైతే కొప్పు విప్పుకున్నారా లేదా, సాక్షుల సంతకాలు. ముంచిన పాస్టరు చనిపోయి ఉంటే ఆయన సంతకం ఎలా తెచ్చుకోవాలో ఫారంలో లేదు. సక్రమంగా నింపలేనివాళ్లు మళ్లీ మునగాలన్నారు. చర్చి వెనక సిమెంటు తొట్టి కట్టించి, లోపలి గోడ మీద ఎర్ర రంగుతో అడుగులూ అంగుళాలూ వేయించారు.

నెల రోజుల పాటు మా ఊళ్లో జనం మునుగుతూనే ఉన్నారు. పొడుగు దానియేలు అనే మేస్త్రీ ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. తల మునిగితే పాదాలు తేలేవి, పాదాలు తొక్కి పట్టుకుంటే ముక్కు తేలేది. చివరికి ఉపసంఘ సభ్యుడొకాయన ఛాతీ మీదా, ఇంకొకాయన కాళ్ల మీదా కూర్చుని ఆయన్ను సంపూర్ణుణ్ణి చేశారు. పైకి లేచి ఆయన తిట్టిన తిట్టును నేను మినిట్స్‌లో ఎక్కించలేదు.

తరవాత చీరల్లో గాలి బుడగలు నిలుస్తున్నట్టు తీతుబాబు గారు కనిపెట్టారు. వెంటనే సర్క్యులర్ వచ్చింది: "వస్త్రములందు గాలి నిలువయుండిన యెడల తత్సంబంధిత శరీరభాగము మునగనట్లే భావింపబడును." అప్పటికే మునిగిన రెండు వందల మంది ఆడవాళ్లు మళ్లీ దిగారు. అది అయ్యాక, నోటి లోపలి భాగం శరీరంలో భాగమా కాదా అన్న ప్రశ్న పుట్టింది. మూడు గంటలు చర్చించి, భాగమేనని తీర్మానించారు. ఆనాటి నుంచి నోరు తెరిచి మునగాలి. దగ్గే వాళ్ల కోసం తొట్టి పక్కన ఒక నర్సును కూర్చోబెట్టారు.

మరి కార్యవర్గ సభ్యుల సంగతేమిటని పొడుగు దానియేలు సభలో లేచి అడిగాడు. అధ్యక్షులు చిరునవ్వు నవ్వారు.

"సోదరుడా, కార్యవర్గ సభ్యులు పదవీరీత్యా మునిగినవారుగా పరిగణింపబడుదురు."

ఉపసంఘం ఆ ఊపులో పాత రిజిస్టర్లు కూడా తెరిచింది. అక్కడ దొరికింది తబితమ్మ మోకాలు.

పాత రిజిస్టరును పాస్టర్ యోబు నర్సప్ప గారు రాసేవారు. అవునంటే అవును, కాదంటే కాదు అనే కాలం మనిషి. ఒట్టు పెట్టకూడదన్నది మా శాఖ నియమం కనక రాసిన ప్రతి మాటా ఒట్టుతో సమానంగా ఉండాలని ఆయన పట్టు. డెబ్బై రెండో సంవత్సరం పేజీలో ఇలా రాశారు: "ఈ దినము ఏడుగురు. కరువు. వాగు ఎండినది. ఆశన్న ఇసుకలో తవ్విన చెలిమెలో ముంచితిని. కడపట తబిత. నీళ్లు తగ్గిపోయినవి. కుడి మోకాలు తేలినది. దోసిలితో నీళ్లు తీసి మోకాలి మీద పోసితిని. ఆమె ఒప్పుకోలు అందరికంటె గట్టిది."

యాభై ఏళ్లుగా ఎవరికీ అడ్డురాని ఆ మోకాలు తీతుబాబు గారికి దొరికింది. ఆయన ఆ పేజీలో ఎర్ర కాగితం పెట్టి, రిజిస్టరును చంకలో పెట్టుకుని బయల్దేరారు. వెనక అధ్యక్షులు, ఆ వెనక నేను.

తబితమ్మకు డెబ్బై అయిదేళ్లు. తుంటి విరిగి ఎనిమిది నెలలుగా మంచం మీదే ఉంది. పిల్లలు లేరు. పక్కింటి సుగుణమ్మ కాస్త జావ కాచి పోస్తుంది, వీపు తుడుస్తుంది. భర్త ఆశన్న ఆరేళ్ల కిందట పోయాడు. మా శ్మశానంలో నలభై ఏళ్లు గుంతలు తవ్విన మనిషి. మా అధ్యక్షుల తండ్రిని పెట్టిన గుంత ఆయన తవ్విందే. ఒంట్లో శక్తి ఉండగానే తనకొకటి, పక్కనే భార్యకొకటి తవ్వి, రాళ్లు పేర్చి, పైన బండలు కప్పి పోయాడు.

మమ్మల్ని చూసి ఆమె తల ఎత్తబోయింది.

"ఏంది అయ్యగారూ, అందరొచ్చిండ్రు? నేనింక సావలే గదా."

తీతుబాబు గారు గొంతు సవరించుకున్నారు. "తబితమ్మా, మీ కుడి మోకాలి విషయమై సమాఖ్యకు ఒక సందేహము కలిగినది."

"మోకాలుకేమైంది సారూ? నాకు ఇరిగింది తుంటి గదా."

రిజిస్టరు చదివి వినిపించారు. ఆమె కళ్లు మూసుకుని వింది. చదవడం అయ్యాక నవ్వింది.

"అవ్, నిజమే. పాస్టరయ్య ఉన్నదున్నట్టు రాసిండు. కరువుల ఊరంత ఆ చెలిమె నీళ్లే తాగుతుండె సారూ. ఏడుగురం మునిగితె ఊరోళ్లు ఏం తాగాలె అని ఆ అయ్య ఏడ్సిండు. అందరైనంక నేను దిగిన. అడుగున బురదనే ఎక్కువుండె. మోకాలు తేలింది. ఆయన దోసిట్ల నీళ్లు పోసిండు. అయిపాయె."

"అయిపోలేదు తల్లీ," అన్నారు అధ్యక్షులు మృదువుగా. "అసంపూర్ణ నిమజ్జనము నిమజ్జనము కాదు. నిమజ్జనము లేనిదే సభ్యత్వము లేదు. సభ్యత్వము లేనిదే శ్మశానవాటికయందు స్థలమునకు అర్హత లేదు. అయితే భయపడనక్కరలేదు. మిమ్ములను మంచముతో సహా తాళ్లతో తొట్టిలోనికి దింపుటకు కన్వీనరు గారు ఏర్పాట్లు చేసియున్నారు."

"కప్పీ సిద్ధంగా ఉంది," అన్నారు తీతుబాబు గారు.

సుగుణమ్మ జావ గిన్నె కింద పెట్టింది. "డాక్టరు పక్కకు గూడ తిప్పొద్దన్నడు. తొట్ల దించుతరా? మీ ఇంట్ల ముసలోళ్లు లేరా సారూ?"

తబితమ్మ ఆమెను చేత్తో ఆపింది. "నాకు దిగుడుకు భయం లేదు. తుంటి ఇరిగిందానికి ఇంకేం ఇరుగుతది? కానీ అయ్యగారూ, ఇప్పుడు మల్ల మునిగితె ఆ దినం మునిగింది అబద్దమైతది. యాభై ఏండ్లు నేను అబద్దం మీద బతికిననా? నేను చేసిన ప్రార్థన, ఆశన్నను మట్టిల వెట్టుకుంట పాడిన పాట, అంత అబద్దమేనా? నేను మునిగిన. మల్ల మునగ. నా జాగ నా మొగుడు తవ్విచ్చి పోయిండు. నన్ను ఆడ వెట్టుండ్రి. ఇంకేమడుగ."

మేం లేస్తుంటే ఆమె నన్ను పిలిచింది. "హనోకు సారూ, ఇప్పుడు రాసెటోనివి నువ్వేనా?"

అవునన్నాను.

"పాస్టరయ్య లెక్క రాయి. ఉన్నదున్నట్టు."

మర్నాడు సమావేశంలో ఉన్నదున్నట్టు రాయడానికి నా చెయ్యి చాలా కష్టపడింది. శరీర ఉపరితలంలో మోకాలి వాటా ఒకటిన్నర శాతమని తీతుబాబు గారు లెక్క తేల్చారు. కాబట్టి మిగిలిన తొంభై ఎనిమిదిన్నర శాతం తబితమ్మకు శ్మశానంలో చోటు ఇవ్వవచ్చునని ఒక దయగల సభ్యుడు ప్రతిపాదించాడు. ఆమెను ప్రహరీ గోడ వారగా పెట్టి, కుడి మోకాలు మాత్రం గోడకు అవతల ఉండేలా చూస్తే నియమావళికీ భంగం ఉండదు, మానవత్వానికీ లోటు ఉండదు అన్నాడు. గంటన్నర చర్చ జరిగింది. తల ఏ దిక్కున పెడితే కుడి మోకాలు బయటికి వస్తుందో తీతుబాబు గారు బొమ్మ గీసి చూపించారు. చివరికి, గోడ పునాది బలహీనపడుతుందన్న సాంకేతిక కారణంతో ప్రతిపాదన వీగిపోయింది. ఆమెను మొత్తంగా గోడ బయట పెట్టాలని తీర్మానించారు. బయట అంటే గుట్ట మీది వాన నీళ్లన్నీ వచ్చి నిలిచే పల్లం.

నాకు నోరుంది. నా కూతురు సమాఖ్య బడిలో టీచరు. నోరు తెరవలేదు.

పండుగకు జావా నుంచి హర్యోనో అనే పెద్దాయన వచ్చాడు. వరి పండించుకుంటూ ఆదివారాలు పాస్టరు పని చేసే మనిషి. అరికాళ్లు పగిలి ఉన్నాయి. మా సిమెంటు తొట్టినీ, ఎర్ర అంకెలనూ చూపించి అధ్యక్షులు ఇంగ్లీషులో అరగంట వివరించారు. ఆయన మర్యాదగా తల ఊపి, సభకు ముందు మంచాన పడ్డవాళ్లను చూడటం మా ఆనవాయితీ, మీ దగ్గర ఎవరున్నారు అని అడిగాడు. తప్పించుకునే దారి లేకపోయింది.

తబితమ్మ మంచం పక్కన హర్యోనో నేల మీదే కూర్చున్నాడు. ఆమె ఆయన్ను పరకాయించి చూసి అడిగింది. "ఈయన యాడ మునిగిండంట?"

అధ్యక్షులు అనువదించారు. హర్యోనో నవ్వి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు.

"ఏమన్నడు?"

"సంపూర్ణ నిమజ్జనము మిక్కిలి శ్రేష్ఠమైనదని సెలవిచ్చారు," అన్నారు అధ్యక్షులు.

ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి, నేను విన్నది వేరు. మేం మునగం అక్కా, మా వైపు తల మీద నీళ్లు పోస్తారు, ఐదు వందల ఏళ్ల కింద మొదటివాళ్లు కూడా ఒకరింట్లో కూర్చుని అలా పోసుకున్నవాళ్లే అన్నాడాయన. తన మాట సరిగా చేరలేదని ఆమె మొహం చూసి గ్రహించాడు కాబోలు, మంచం కింద ఉన్న చెంబు తీసుకున్నాడు. తల వంచి, చెంబు తన నెత్తి మీద వంపినట్టు చూపించాడు. తరవాత రెండు వేళ్లు చూపించాడు. రెండు చెంబులు.

తబితమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. తుంటి నొప్పికి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా నవ్వింది. "రెండు చెంబులేనా! అయ్యో కొడుకా, నీకంటె నేనే నయం. నాకు ఒక్క మోకాలే మిగిలింది!"

హర్యోనోకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆమె చెయ్యి పట్టుకుని తనూ నవ్వాడు. అధ్యక్షులు తలుపు వైపు చూస్తూ నిలబడ్డారు.

ఆ సాయంత్రం అత్యవసర సమావేశం. నియమావళి ప్రకారం ముఖ్య అతిథి మెనోనైటే కాడు. మునగనివాడికి వేదిక మీద కుర్చీ ఎలా వేస్తాం? అప్పటికే ఆయన ఫొటోతో ఫ్లెక్సీలు కట్టేశారు. అధ్యక్షులు ఆలోచించి రూలింగు ఇచ్చారు. "అంతర్జాతీయ జలములు మన నియమావళి పరిధిలోనికి రావు." మరి విదేశీయులకు రెండు చెంబులు సరిపోగా తబితమ్మకు చెలిమె ఎందుకు సరిపోదని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. హర్యోనోకు శాలువా కప్పారు, గజమాల వేశారు, ఆయన వెళ్లిపోయాడు.

భాద్రపదంలో ముసురు పట్టిన నాలుగో రోజు తబితమ్మ చనిపోయింది. చివరిదాకా సుగుణమ్మతో ఒకటే మాట అన్నదట, ఆశన్న పక్కకే గదా అని. ఆమెకు ఏం చెప్పావని నేను సుగుణమ్మను అడిగాను. "అవ్ అని చెప్పిన. మీరు తీర్మానం చేస్తరు, నేను మాటిచ్చిన" అంది.

తీర్మానం ప్రకారం గోడ బయటి పల్లంలో గుంట తవ్వించారు. పదకొండు మంది సభ్యులూ పదకొండు గొడుగులతో వచ్చారు. శ్మశానం గేటుకు తాళం వేసి ఉంది, తాళంచెవి తీతుబాబు గారి జేబులో ఉంది. పెట్టెను దింపే సమయానికే గుంటలో అడుగు నీళ్లున్నాయి. గుట్ట మీంచి వరద దిగుతోంది. పెట్టె దింపాక నీళ్లు దాని పక్కలు ఎక్కాయి, మూత ఎక్కాయి. చూస్తుండగానే మూత మీది సిలువ గుర్తు కనబడకుండా పోయింది.

తీతుబాబు గారిలో ఇంజనీరు మేల్కొన్నాడు. కొలకర్ర తెప్పించి గుంటలో దింపాడు. "రెండడుగుల తొమ్మిదంగుళాలు! అధ్యక్షా, ఏ భాగమూ తేలలేదు. మోకాలితో సహా. ఇది సంపూర్ణం!"

సభ్యుల మొహాలు వెలిగాయి. ఇక ఆమెకు సభ్యత్వం వచ్చినట్టే, లోపల చోటు ఇవ్వవచ్చునన్నాడు ఆ దయగల సభ్యుడు. అధ్యక్షులు గొడుగు కిందినుంచి చెయ్యి ఎత్తారు.

"తొందరపడరాదు. మన పితరులు ప్రాణములర్పించిన సిద్ధాంతమేమి? స్వయముగా, బుద్ధిపూర్వకముగా, నోటితో ఒప్పుకొనినదే బాప్తిస్మము. ఈమె ప్రస్తుతము ఒప్పుకొనగల స్థితియందు లేదు. పసిపిల్లలకు చేసిన బాప్తిస్మము వంటిదే యిది. చెల్లదు."

"నీటిమట్టం పరంగా చెల్లుతుంది" అన్నారు తీతుబాబు గారు నొచ్చుకుని.

"ఒప్పుకోలు పరంగా చెల్లదు."

అలా చర్చ మొదలైంది. ఒప్పుకోలు ముందు రావాలా, నీళ్లు ముందు రావాలా అన్నారు. యాభై ఏళ్ల కిందటి ఒప్పుకోలును ఇప్పటి నీళ్లకు జత చేయవచ్చునా అని ఒకరు. దానికి నియమావళి సవరణ కావాలని మరొకరు. వాన పెరుగుతోంది. పెట్టె నీళ్లలో ఉంది. ఐదు వందల ఏళ్ల కిందట మా వాళ్లను నదిలో ముంచినవాళ్లు కూడా ఒడ్డున నిలబడి ఇలాగే నిబంధనలు మాట్లాడుకుని ఉంటారని నాకు తోచింది. ఒళ్లు మండిపోయింది. మండి, గొడుగు కిందే నిలబడ్డాను.

సుగుణమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుంది. "దానియేలన్నా, దిగు" అంది.

పొడుగు దానియేలు గుంటలోకి దిగాడు. ఆయన వెనక మరో నలుగురు దిగారు. పెట్టెను భుజాల మీదికి ఎత్తుకున్నారు. గేటు దగ్గర సుగుణమ్మ తాళంచెవి అడిగింది. తీర్మానం కానిదే ఇవ్వనన్నారు తీతుబాబు గారు. "జేబులనే వెట్టుకో సారూ" అని చెప్పి ఆమె గోడ ఎక్కింది. ఆడవాళ్లు ఇటునుంచి అందించారు, ఆడవాళ్లు అటునుంచి అందుకున్నారు. పెట్టె గోడ దాటింది. ఎవర్నీ ఎవరూ కొట్టలేదు, ఒక్క దుర్భాష లేదు. మేం ఎవరి మీదా చెయ్యెత్తకూడదని నమ్మే శాంతి సంఘం కదా.

లోపల ఎత్తు మీద ఆశన్న కప్పి పోయిన బండలు ఎత్తారు. కింద రాళ్లు పేర్చిన గుంత పొడిగా ఉంది. తబితమ్మను అందులో పెట్టి, ఆమె ఆశన్నకు పాడిన పాటే వానలో పాడారు. పాట అయ్యేసరికి గోడ ఇవతల సవరణ ముసాయిదా రెండో పేరాలో ఉంది.

"హనోకు గారూ, సమాఖ్య అనుమతి తాత్కాలికముగా మంజూరు చేయబడినట్లు వ్రాయుడు" అన్నారు అధ్యక్షులు.

సంచిలోంచి మినిట్స్ పుస్తకం కాకుండా, దానితోపాటు తెచ్చుకున్న పాస్టర్ యోబు నర్సప్ప గారి పాత రిజిస్టరు తీసి తెరిచాను. ఆయన రాసిన పేజీ కింద నాలుగు వేళ్ల జాగా మిగిలి ఉంది. అందులో రాశాను: "ఈ దినము వాన. తబితను ఆమె భర్త పక్కన పెట్టిరి. మోసినవారు, పాడినవారు అందరు తడిసిరి. కార్యవర్గ సభ్యులు పదకొండు మంది గొడుగుల కింద తడవక నిలిచిరి. ఇది వ్రాసినవాడు కూడ తడవలేదు."